పెరటి హాజరుపట్టీ

మొన్న మంగళవారం పొద్దున్న నీళ్ళ చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళబోతూ, గడియ తీసేముందు తలుపు మీద గోటితో రెండుసార్లు కొట్టాను. అవతల మనుషులెవరూ లేరు. లోపలినుంచి బయటికి వెళ్ళే మనిషి తలుపు కొట్టడమేమిటని చూసినవాళ్ళు నవ్వుకుంటారు. నిజానికి ఇది నా అలవాటు కాదు, మా ఇల్లుగలాయన అలవాటు. ఆయన పోయి ఏడాది దాటింది. అలవాటు మాత్రం ఈ ఇంట్లో మిగిలిపోయి, ఎప్పుడో నాకు అంటుకుంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు ఏ కాగితం మీద కనబడినా, ఏం తప్పు జరిగిందోనని కంగారుపడే మనిషి. యానాంలో ఒక గవర్నమెంటు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు అటెండరుగా చేసి రిటైరయ్యారు. అదే ఆఫీసులో నేను గుమస్తాని. ఆయన రిటైరైన కొన్నాళ్ళకు, కనకాలపేటలో వాళ్ళింటి వెనక పోర్షను ఖాళీగా ఉందని తెలిసి అద్దెకు దిగాను. రెండు గదులు, ఒక వంటిల్లు. వెనక వరండా, పెరడు మాత్రం ఆయనకీ నాకూ ఉమ్మడి. నాకు పెళ్ళి కాలేదు, దాని వెనక చెప్పుకోదగ్గ కథ కూడా ఏమీ లేదు. ఒక్కదానికి ఆ రెండు గదులు చాలు.

అప్పటికే ఆయన భార్య పోయారు. కూతురు దగ్గర్లోనే అడవిపొలం అనే ఊళ్ళో కాపురం, అక్కడే టీచరు. ఆదివారం చర్చి అయ్యాక తండ్రికి కూర గిన్నె తెచ్చిచ్చి వెళ్ళేది. మిగిలిన ఆరు రోజులూ ఆయనకు పెరడే లోకం.

తలుపు కొట్టడం గురించి మొదటివారంలోనే అడిగాను. “ఎవరున్నారని కొడుతున్నారు బాబాయిగారూ?”

“పనిలో ఉంటాయి కదమ్మా అవి” అన్నారు, గొంతు తగ్గించి. “మనం ధన్‌మని తలుపు తీసేస్తే బెదిరిపోవూ? మనిల్లే అయినా మర్యాద ఉండాలి.”

ముప్ఫై ఏళ్ళు ఆఫీసర్ల గదుల తలుపులు ఆయన అలాగే కొట్టారు. అరచేత్తో కొడితే కొందరికి కోపం, అసలు కొట్టకపోతే అందరికీ కోపం. గోటితో రెండంటే రెండుసార్లు కొట్టి, కాస్త ఆగి, గొంతు సవరించుకుని అప్పుడు తీయాలి. ఆఫీసర్లు మారిపోయారు, పిచ్చుకలు వచ్చాయి. ఆయన పద్ధతి మారలేదు.

జామచెట్టు కొమ్మకు నాలుగు తాళ్ళతో ఒక చెక్క ట్రే వేలాడుతూ ఉండేది. దాన్ని చూడగానే గుర్తుపట్టాను. మా సెక్షన్ సూపరింటెండెంటుగారి బల్ల మీద ఏళ్ళ తరబడి ఉన్న ‘ఇన్’ ట్రే. పాత సామాను పనికిరాదని రాసేసిన రోజున అడిగి తెచ్చుకున్నారట. అందులో నూకలు, మెతుకులు, ఒక పక్కన బొప్పాయి ముక్క. కింద పగిలిన మట్టి మూకుట్లో నీళ్ళు.

“మరి అవుట్ ట్రే ఏదండీ?” అన్నాను.

“వాటికెందుకమ్మా అవుటు? పనయ్యాక చెప్పకుండానే వెళ్ళిపోతాయి” అన్నారు. నవ్వలేదు. ఆయన హాస్యమాడినప్పుడు ముఖం ఇంకా గంభీరంగా ఉండేది. నేనూ పెద్దగా నవ్వే మనిషిని కాను కాబట్టి మా ఇద్దరికీ కుదిరింది.

వరండా చూరుకు ఎప్పుడూ ఒక వరికంకుల కుచ్చు వేలాడేది. చర్చిలో కోత పండుగకు అలంకరణకు కట్టిన కంకుల్ని, పండుగైపోయాక పాస్టరుగారిని అడిగి చంకలో పెట్టుకుని తెచ్చుకునేవారు. వాటిని తడిపి, విడదీసి, మళ్ళీ తన చేత్తో అల్లేవారు. పిచ్చుకలు ఒక్కో గింజా ఒలుచుకుంటుంటే పడే పొట్టును ఊడ్చేది నేను. వరండా ఊడవడానికి ఆయనకు అభ్యంతరం ఉండేది కాదు.

పిట్టల పేర్లు ఆయనకు పెద్దగా తెలియవు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఉద్యోగాలు ఇచ్చేశారు. పిచ్చుకలు, గోరింకలు, కాకులు పర్మినెంటు స్టాఫు. పికిలిపిట్టలు రోజుకూలీ, పండు ఉన్నరోజే వస్తాయి. ఎప్పుడో ఏడాదికోసారి దారితప్పినట్టు వచ్చి, నాలుగు రోజులుండి పోయేవి డిప్యుటేషను. మాలాంటి ఆఫీసుల్లో అది మామూలు మాట. మాకు ఎప్పుడు మాహేకి ఆర్డరొస్తుందో, ఎప్పుడు కారైకాల్ వెళ్ళమంటారో తెలియదు. అక్కడివాళ్ళు ఇక్కడికొచ్చి, భాష రాక, తిండి పడక, బెంచీ చివర కూర్చుని రోజులు లెక్కపెట్టుకునేవారు. కొత్త పిట్ట కనబడితే ఆయన అలాగే జాలిపడేవారు.

“ఎక్కణ్ణించొచ్చిందో పాపం. ఏం తింటదో కూడా తెలీదు” అంటూ ట్రేలో అన్ని రకాలూ తలో చిటికెడు పెట్టేవారు.

ఒక చలికాలం రెండు పొడుగాటి తెల్ల రిబ్బన్లలాంటి తోకతో ఒక పిట్ట వచ్చింది. మూకుట్లో మునిగి, లేచి, ఆ తోక ఆరబెట్టుకుంటూ జామకొమ్మ మీద కూర్చునేది. దానికి ఆయన పెట్టిన పేరు ఫైలు టేపు. గులాబీరంగు ఒళ్ళు, నల్లటి తలకాయ ఉన్నవి ఓ ముప్ఫై కలిసి దిగి పెరడంతా సంతచేసి వెళితే, “ట్రైనింగు బ్యాచమ్మా. పని నేర్చుకునేలోపు వెళ్ళిపోతారు” అన్నారు. ఓసారి తుఫాను వాన తర్వాత గోదావరి వైపునుంచి ఒక బూడిదరంగు కొంగ వచ్చి మా ప్రహరీగోడ మీద పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మెడ లోపలికి లాక్కుని కూర్చుంది. కదలదు, చూడదు. ఆయన దాని ముందునుంచి మునివేళ్ళ మీద నడిచారు. “సస్పెన్షన్‌లో ఉన్నట్టున్నారు. పలకరించకు” అన్నారు నాతో.

వచ్చినవాళ్ళందరికీ హాజరు వేసేవారు. వరండా గోడకు మేకు, మేకుకు చర్చివాళ్ళిచ్చే క్యాలెండరు. తేదీ గడిలో పెన్సిలుతో సన్నగా రాయడం. ‘టేపు వచ్చింది.’ ‘బ్యాచి 30.’ ‘ఎవరూ లేరు, వాన.’ ఏడాది మారితే పాత క్యాలెండరు తీసేవారు కాదు. దానిమీదే కొత్తది తగిలించేవారు. మేకు మీద ఆ బొత్తి దిండంత అయింది.

హాజరు విషయంలో ఆయన సంగతి నాకు అంతకుముందే తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కాకినాడలో అక్కావాళ్ళింట్లో ఉండి రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఒకరోజు నిద్ర లేవలేదు, అంతే. పది ఇరవైకి వచ్చాను. హాజరుపట్టీ ఇంకా ఆఫీసరు గదిలోకి వెళ్ళలేదు, ఆయన చేతిలో ఉంది. ఆయన ఏమీ అడగకముందే నేనే మొదలుపెట్టాను, బస్సు ఆలస్యమైందని, ట్రాఫిక్కని.

ఆయన తల వంచుకుని పట్టీ మూలలు సరిచేస్తూ, చాలా మామూలుగా అడిగారు. “పాపం, తాళ్ళరేవు దగ్గర గేటు పడిందాండి?”

“ఆ, గేటు పడిందండీ. చాలాసేపు ఆపేశారు” అన్నాను, ఊపిరి పీల్చుకుని.

తాళ్ళరేవులో రైలు పట్టాలు లేవు. రోజూ ఆ దారినే వచ్చే నాకు అది తెలియక కాదు. సాయంత్రం బస్సులో తాళ్ళరేవు దాటుతుంటే తెలివొచ్చింది. అప్పుడు మాత్రం ఆయన “అలాగాండి” అని, పట్టీ నా వైపు తిప్పి, పెన్ను మూత తీసి దానిమీద పెట్టారు. నేను పది ఇరవై అనే వేసి సంతకం చేశాను. ఎందుకో అప్పుడు తొమ్మిది యాభై ఐదని వెయ్యబుద్ధి కాలేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు, నాతోనూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అప్పట్నుంచి ఇప్పటిదాకా నేను ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళలేదు.

ఆకుల సంగతి చెప్పాలి. నేను అద్దెకు దిగిన మొదటి సెప్టెంబరు ఆఖరున, పెరట్లో నిమ్మచెట్టు కింద మడమలోతు ఎండుటాకులు చూసి చీపురు తీశాను. రెండుసార్లు చీపురు లాగానో లేదో, ఆయన వరండాలోంచి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు.

“ఊడవద్దమ్మా! అక్కడ మాత్రం ఊడవద్దు.”

“పురుగూ పుట్రా ఉంటాయండీ.”

“ఉండాలి. ఉంటేనే వస్తది” అంటూ ఆయన వంగి, నేను ఊడ్చిన ఆకుల్ని చేతుల్తో మళ్ళీ చెట్టు కిందికి పోశారు. తర్వాత నాతో అంత గట్టిగా మాట్లాడినందుకు ఆయనకే సిగ్గేసింది. వరండా మెట్టు మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పారు.

“ఆవిడ పోయిన రోజమ్మా. అక్టోబరే. ముందు రోజంతా కుండపోత. ఇంటినిండా జనం. నేను కాసిని మంచినీళ్ళు తాగుదారని ఇలా వెనక్కొచ్చాను. ఆ నిమ్మచెట్టు కింద ఆకులు తిరగేస్తా ఉంది. పచ్చటి వీపు. భుజం దగ్గర మెరుస్తా నీలం. కంటిమీంచి నల్ల గీత. పొట్ట కింద ఎర్రసిరా ఒలికినట్టు ఎరుపు. తోకా? ఉందో లేదో అన్నట్టుంది. పుట్టి బుద్ధెరిగి అలాంటిదాన్ని చూళ్ళేదు నేను. అలా నిలబడిపోయాను. అదీ నన్ను చూసింది. చూసి, ఇంకో ఆకు తిరగేసింది.”

“ఎవరికీ చూపించలేదాండీ?”

“ఏవని చూపిస్తాను? పెళ్ళాన్ని వాకిట్లో పడుకోబెట్టుకుని పిట్టొచ్చిందంటే నవ్వరూ? మూడు రోజులుంది. తర్వాత అమ్మాయికి చెప్పాను. ‘నిద్ర లేదు కద నాన్నా, కళ్ళు తిరిగుంటాయి’ అంది. దాని తప్పు లేదు.”

మళ్ళీ ఆయనే అన్నారు. “అది ఆవిడేనని నేననట్లేదమ్మా. ఆవిడ పోయింది, ప్రభువు దగ్గరుంది. పిట్ట పిట్టే. కానీ ఆ మూడ్రోజుల్లో నాకు గుర్తున్నది అదొక్కటే. పెట్టెలో పెట్టింది గుర్తులేదు. పాస్టరుగారేం చదివారో గుర్తులేదు. ఆ ఒక్కటీ కూడా నిజం కాదంటే నాకింకేం మిగిలినట్టు? ఎప్పుడన్నా మళ్ళీ వస్తే, ఇంకొకళ్ళు చూస్తే చాలు. ఒకళ్ళ సంతకంతో ఏ కాగితమూ చెల్లదు కదా.”

నేను “సరేనండీ” అన్నాను. ఏమనాలో తెలియనప్పుడు నేను సరేనండీ అంటాను.

ఆ అక్టోబరులో అది రాలేదు. ఆ తర్వాత రెండు అక్టోబర్లూ రాలేదు. పెరడు చూసి కూతురు ప్రతి ఆదివారం విసుక్కునేది. “నాన్నా, ఎవరన్నా వస్తే మనకి చీపురు కొనుక్కునే గతి లేదనుకుంటారు.” ఆయన “ఆయ్” అని ఊరుకునేవారు. పొద్దున్నే గోటితో కొట్టి, తలుపు కొద్దిగా తీసి, ముందు నిమ్మచెట్టు కిందికి చూసి, తర్వాతే ట్రే వైపు వెళ్ళేవారు. క్యాలెండరులో ‘రాలేదు’ అని కూడా రాసేవారు కాదు. రానివాళ్ళకు ఆబ్సెంటు వెయ్యడానికి అది మన స్టాఫు కాదు కదా అనేవారు.

నిరుడు అక్టోబరు మొదట్లో ఆయనకు ఊపిరి అందక కాకినాడ ఆస్పత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నీరన్నారు. కూతురు సెలవు పెట్టి దగ్గరుంది. పెరడు నాకు అప్పజెప్పారు. పొద్దున్న ఏడింటికి కూతురి ఫోన్లోంచి మాట్లాడేవారు. ఆయాసపడుతూనే ఒక్కొక్కళ్ళనీ అడిగేవారు. గోరింకలొచ్చాయా, కుచ్చులో గింజలున్నాయా, మూకుట్లో నీళ్ళు మార్చావా. నేను చెప్పేదాన్ని. చివర్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న. “కిందేమన్నా దిగిందా?” దిగలేదనేదాన్ని. “సరే” అని ఫోను కూతురికిచ్చేసేవారు.

శుక్రవారం కూతురు ఫోను చేసింది. “అక్కా, నాన్న కోసం రేపు సాయంత్రం మనింట్లో ప్రార్థన పెడతారంట సంఘంవాళ్ళు. నేను రాలేను. ముందు గది చాలదు, పెరట్లో కుర్చీలేయించు.”

శనివారం పొద్దున్న పెరట్లో నిలబడి చూశాను. ఇరవైమంది వస్తారు. ఇల్లుగలాయన ఆస్పత్రిలో ఉంటే, అద్దెకున్న మనిషి పెరడైనా ఊడవలేదనుకుంటారు. చీపురు తీశాను. ఆయన మాట గుర్తురాలేదని చెప్పను. గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా ఊడ్చాను. నిమ్మచెట్టు మొదలు దాకా, గోడవార దాకా ఊడ్చి, నాలుగు గంపలకెత్తి మున్సిపాలిటీ బండిలో పోయించి, నీళ్ళు చల్లాను. సాయంత్రం వచ్చినవాళ్ళు పాడారు, ప్రార్థన చేశారు, టీ తాగారు. ఒక పెద్దావిడ వెళుతూ నా చెయ్యి పట్టుకుని, “పెరడు అద్దంలాగ ఉంచావమ్మా” అంది. నాకు బాగానే అనిపించింది.

ఆదివారం ఏడింటికి ఫోను మోగింది. ఆయన గొంతు ఎక్కడో గదుల అవతలినుంచి వస్తున్నట్టుంది. గోరింకల సంగతి అడగలేదు.

“ఆకులెలా ఉన్నాయమ్మా?”

“ఉన్నాయండీ” అన్నాను.

వంటింటి కిటికీలోంచి నున్నటి నేల కనిపిస్తోంది. ఫోనులో ఊపిరి చప్పుడు ఒక్కటే వినబడుతోంది. ఆ ఆకుల మాట మళ్ళీ రాకూడదనో, ఆయన ఇక ఇంటికి రారని నాకు తెలిసిపోయో, ఇప్పటికీ చెప్పలేను, నేనే అనేశాను. “బాబాయిగారూ, దిగిందండీ. ఇందాకే.”

“దిగిందా?”

“మీరు చెప్పినట్టే ఉందండీ. పచ్చగా, భుజం దగ్గర నీలంగా. నిమ్మచెట్టు కింద ఆకుల్లో.”

“నువ్వు చూశావా?”

“చూశానండీ.”

 తర్వాత చాలా మామూలుగా అడిగారు. “పాపం, అరిచిందా?”

“ఆ, అరిచిందండీ. రెండుసార్లు.”

“అలాగా” అన్నారు. మళ్ళీ కాసేపటికి, “నీళ్ళు మార్చమ్మా” అన్నారు. ఫోను కూతురికిచ్చేశారు.

మంగళవారం మధ్యాహ్నం పోయారు. నేను ఆఫీసులో ఉన్నాను. ఫోను పెట్టేసి, చేతిలో ఉన్న కాగితం పూర్తిచేసి, సెలవు చీటీ రాసి వచ్చాను. మర్నాడు సమాధి. జనం వచ్చారు, వెళ్ళారు. నేను వెనక్కు వచ్చి మూకుట్లో నీళ్ళు మార్చాను. ఏడుపు రాలేదు. ఎవరైనా చూస్తారేమోనని కళ్ళు తుడుచుకున్నాను గానీ అవి పొడిగానే ఉన్నాయి.

ఇంటివాళ్ళను ఓదార్చడానికి సంఘంవాళ్ళు పెట్టే ఆదరణ కూటం అయిన సాయంత్రం కూతురు నన్ను వరండాలో కూర్చోబెట్టింది. “అక్కా, ఈ పోర్షను నీకే ఉంచమన్నారు నాన్న. ముందు పోర్షను ఎవరికిచ్చినా, పెరడు నీ చేతిలోనే ఉండాలంట. ‘పిట్టల పని ఆ అమ్మాయికప్పజెప్పు, చేస్తది’ అన్నారు. ఆదివారం నీతో ఫోన్లో మాట్లాడాక చెప్పారు. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు.”

అంటే నా అబద్ధం పనిచేసిందనుకున్నాను. పోయేముందు ఒక మనిషికి కావలసిన మాట ఒకటి వినిపించాను, ఆ సంతోషంతోనే అలా అని ఉంటారు అనుకున్నాను. తప్పు చేశానన్న బాధ రాలేదు, మంచి చేశానన్న తృప్తీ పెద్దగా రాలేదు. ఎక్కడో మూల కాస్త గర్వం లాంటిది ఉంటే ఉండేదేమో. కొత్త సంవత్సరం క్యాలెండరు కూతురు తెచ్చి అదే మేకుకు, పాతవాటి మీదే తగిలించింది. నేను రోజూ నూకలు పోశాను. క్యాలెండరులో ఏమీ రాయలేదు. నిమ్మచెట్టు కింద ఊడవలేదు. మొక్కుకునో, ప్రాయశ్చిత్తమనో కాదు, ఊడవలేదంతే. ఆకులు మళ్ళీ మడమలోతు పేరుకున్నాయి.

మొన్న సోమవారం రాత్రంతా వాన. మంగళవారం పొద్దున్న గోటితో రెండుసార్లు కొట్టి తలుపు తీశాను. నిమ్మచెట్టు కింద ఒక ఆకు దానంతటదే తిరగబడింది. తర్వాత ఇంకొకటి. అప్పుడు కనబడింది. పచ్చటి వీపు. మెరిసే నీలం. కంటిమీంచి నల్ల గీత. పొట్ట కింద ఎర్రసిరా. ఆయన ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. అది నన్ను చూసింది. చూసి, ఇంకో ఆకు తిరగేసింది.

ఫోటో తీసి ఆఫీసులో ఒకావిడకు పంపితే, దాన్ని పొన్నంకి పిట్ట అంటారని, వానాకాలం వెళ్ళగానే ఎక్కడో ఉత్తరాన్నుంచి దక్షిణాదికి వలస పోతూ దారిలో ఇలా పెరళ్ళలో అలసట తీర్చుకుంటుందని వెతికి చెప్పింది. డిప్యుటేషనే అన్నమాట. జ్వరమని రాసి మూడు రోజులు సెలవు పెట్టాను. వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అరుస్తుందేమోనని చూశాను. రెండుసార్లు అరిచిందని చెప్పినదాన్ని కదా, ఒక్కసారి అరిస్తే బాగుండునని ఉంది. మంగళవారం అరవలేదు. బుధవారం అరవలేదు. గురువారం ముక్కుతో ఒక వానపామును లాగింది, మూకుట్లో నీళ్ళు తాగింది, గోడ దాకా గెంతింది. నోరు మాత్రం విప్పలేదు. సాయంత్రం చూస్తే లేదు.

అప్పుడు మేకు మీంచి ఆ బొత్తి మొత్తం దింపాను. ఒక్కో ఏడాదీ తీసి పక్కన పెడుతూ ఆవిడ పోయిన ఏడాదికి వచ్చాను. అక్టోబరు పేజీ తీశాను. పెన్సిలు గీతలు కాస్త మాసిపోయాయిగానీ చదవడానికి వస్తున్నాయి. ఆవిడ పోయిన రోజు గడిలో ‘సమాధి 4 గం.’ దాని కింద ‘కొత్తది. పచ్చ. ఆకుల్లో.’ రెండో గడిలో ‘ఉంది. అరవలేదు.’ మూడో గడిలో ‘ఉంది. అరవలేదు. సాయంత్రం లేదు.’

వరండా మెట్టు మీద కూర్చున్నాను. పాపం, తాళ్ళరేవు దగ్గర గేటు పడిందాండి? పాపం, అరిచిందా? రెండుసార్లూ అదే గొంతు. రెండుసార్లూ నేను ఊపిరి పీల్చుకుని ‘ఆ’ అన్నాను.

ఆయనకు తెలుసు. పిట్ట రాలేదని తెలుసు. ఆకులు లేవని కూడా తెలిసే ఉంటుంది. అన్నేళ్ళు ఎదురుచూసిన రెండో సంతకం దొంగ సంతకమని తెలిసి, ఆయాసంతో ఆస్పత్రి మంచం మీద పడుకుని, కూతుర్ని పిలిచి పెరడు నాకు అప్పజెప్పమన్నారు. పట్టీ నా వైపు తిప్పి, పెన్ను మూత తీసి పెట్టారు.

నాకు బాధేసింది. సిగ్గేసింది. ఈ ఏడాదిలో నాకు ఏమైనా అనిపించడం అదే మొదటిసారి. ఏడుస్తాననుకున్నాను గానీ అప్పుడూ రాలేదు.

లోపలికి వెళ్ళి పెన్ను తెచ్చుకున్నాను. మూడో గడిలో ఆయన రాసినదాని కింద వేలి మందం చోటుంది. అక్కడ ‘చూశాను’ అని రాసి, పొడి సంతకం పెట్టి, ఈ గురువారం తేదీ వేశాను. వెనక తేదీ వెయ్యలేదు.